మోటారు దించిన ముచ్చట

బరువులెత్తడం మగవాళ్ళ పని అని మొదట అన్నవాడెవరో గాని, ఆ మహానుభావుడు ఏనాడూ వంటింటి గడప తొక్కి ఉండడు. మా అమ్మ పొద్దున్నే ఇరవై చేదల నీళ్ళు తోడితే గాని పొయ్యి రాజేసేది కాదు. మా అత్తగారు అంతలావు రుబ్బురోలునీ అంచుమీద నిలబెట్టి, పసిపిల్లని నడిపించినట్టు నడిపించుకుంటూ పెరట్లోంచి వసారాలోకి తెచ్చేసేవారు. ఇప్పటి మన సంగతే చూడండి. నిండు గ్యాసుబండ అంటే దాదాపు ముప్ఫై కిలోలు. సరఫరా కుర్రాడు గుమ్మంలో దింపేసి పోతే, దాన్ని అడుగంచు మీద తిప్పుకుంటూ వంటింట్లోకి చేర్చేది ఎవరంటారు? ఇవేవీ బరువుల లెక్కలోకి రావు. మగవాడు ఒక్క బీరువా జరిపాడంటే మాత్రం ఆ వార్త నాలుగిళ్ళ దాకా పాకుతుంది, ఆ పూట రెండుసార్లు కాఫీ కూడా పుడుతుంది.

ఈ మాట ఇప్పుడెందుకు వచ్చిందంటే, 2023 అక్టోబరులో అమెరికాలో మా అమ్మాయి తన పడవ మోటారు దించుకుంది. ఆ మోటారు నలభై అయిదు కిలోలు. అంటే ఒకటిన్నర గ్యాసుబండ. అదీ నేలమీద కాదు, నీళ్ళ మీద ఊగే పడవ వెనకాల వేలాడుతూ ఉండే బరువు. చెయ్యి జారిందంటే ఏటి అడుగున బురదలో తేలుతుంది. చెయ్యి జారకపోతే నడుము పడుతుంది.

మా అమ్మాయి ఉండే ఊరు మేరీల్యాండు రాష్ట్రంలోని అన్నాపోలిస్. పేరు విని ఎవరో అన్నగారి ఊరనుకునేరు. ఆన్ అనే ఆడకూతురి పేరు మీద వెలిసిన ఊరు. ఆ పేరు పెట్టేనాటికి ఆవిడ ఇంగ్లండు రాకుమారి, తరువాత రాణి అయింది. చెసపీక్ అఖాతం ఒడ్డున ఉంటుందీ ఊరు. ఆ అఖాతం పొడుగు సుమారు మూడువందల ఇరవై కిలోమీటర్లు. ఏళ్ళ మంచినీళ్ళూ, సముద్రపు ఉప్పునీళ్ళూ అందులో కలగలిసిపోయి ఉంటాయి. మన ఊళ్ళో ఇంటిముందు స్కూటరున్నట్టు అక్కడ రేవు నిండా తెరచాప పడవలు. అమెరికా నౌకాదళం వాళ్ళ అకాడమీ కూడా 1845లో ఈ ఊళ్ళోనే మొదలైంది.

ఇహ పడవ కథ. ఇరవై రెండడుగుల పాత పడవ. అమ్మాయీ, అప్పటి మా అల్లుడూ కలిసి ముచ్చటపడి కొనుక్కున్నారు. తరువాత వాళ్ళిద్దరికీ పొసగలేదు. ఎందుకు పొసగలేదన్నది వాళ్ళ సొంత విషయం, నేనూ తరచి అడగలేదు. 2021లో కాగితాలు పూర్తయ్యాయి. అతను కారూ, సోఫాలూ పట్టుకెళ్ళాడు. పడవకి బేరం రాలేదు గనక అది అమ్మాయికి మిగిలింది. బంధువులందరూ "పోనీలే, అదీ అమ్మేస్తే ఓ పనైపోతుంది" అన్నారు. అది అమ్మలేదు. వారంలో అయిదు రోజులు ఆఫీసు, ఆరో రోజు పడవ. "గాలిలో తిరిగితే నిద్ర పడుతోందమ్మా" అంది ఫోనులో. ఆ ఒక్క మాటకి నేనింకేం మాట్లాడను?

అయినా తల్లి మనసు ఊరుకోదు కదా. కాకినాడలో విమానానికి సర్దుకునేటప్పుడు నా పెట్టెలో ఆవకాయ జాడీకీ, పాత చీరల బొంతకీ మధ్య ఒక కవరు పెట్టుకున్నాను. అందులో ఒక సంబంధం తాలూకు ఫొటో ఉంది. మా ఆడపడుచు చూసిన సంబంధం. "ఒంటరిది ఎన్నాళ్ళుంటుంది వదినా, ఓ బరువూ బాధ్యతా పంచుకునే మనిషుండాలి కదా" అంది. బరువు అన్న మాట ఆవిడ అన్నప్పుడు నాకు మోటారు సంగతి తెలియదు.

తెరచాప పడవకి మోటారెందుకని మీరడగవచ్చు. నేనూ అడిగాను. రేవులో పడవల మధ్య సందుల్లోంచి బయటపడటానికీ, గాలి పడిపోయిన పూట ఇల్లు చేరటానికీనట. మరి ఉన్నదాన్ని దించడమెందుకూ? చలికాలం వస్తే నాలుగైదు నెలలు పడవ కదలదు. ఉప్పునీళ్ళు తాగిన యంత్రాన్ని మంచినీళ్ళతో కడగాలి, లోపల నీటిని తోడే రబ్బరు రెక్కల చక్రం మార్చాలి, నూనె మార్చాలి. పైగా రేవులో వదిలేసిన మోటార్ల మీద దొంగల కన్ను. అంచేత ఏటా శీతాకాలం ముందు దాన్ని ఊడదీసి ఇంటికి తెచ్చుకుంటారు.

మన ఉప్పాడ ఒడ్డున బెస్తవాళ్ళు ఈ పని రోజూ చెయ్యడం నేను చూశాను. వేట నుంచి రాగానే మోటారుని విప్పి, కర్రకి వేలాడగట్టి, ఇద్దరు భుజాన వేసుకుని ఇసకలో పడి ఇంటికి నడిచేస్తారు. పెళ్ళిలో కావిడి మోసినంత తేలిగ్గా కనిపిస్తుంది చూసేవాళ్ళకి. ఆ భుజాల మీది కాయలు దగ్గరికెళ్ళి చూస్తే గాని తెలియవు.

అమ్మాయి ఇంట్లో ఈ మోటార్ల పుట్టుక గురించి ఒక పుస్తకం ఉంది. మధ్యాహ్నాలు తోచక తిరగేశాను. ఓలే ఎవిన్‌రూడ్ అని నార్వే నుంచి అమెరికా వలస వచ్చినవాడు, మిల్వాకీ ఊళ్ళో యంత్రాలు చేసే పని అతనిది. 1906 వేసవిలో స్నేహితులతో సరస్సు అవతలికి వనభోజనానికి వెళ్ళాడట. అతను మనసుపడిన అమ్మాయి బెస్. ఆమెకి ఐస్‌క్రీం తినాలనిపించింది. పాపం ఆ మనిషి తెడ్లు వేసుకుంటూ అవతలి ఒడ్డుకి పోయి తెచ్చేసరికి అది కాస్తా కరిగిపోయిందని కథ చెబుతారు. ఆ కసితోనే పడవకి వెనక తగిలించే మోటారు చేశాడంటారు. 1909లో అమ్మకానికి పెట్టిన మోటారు ఇరవై ఎనిమిది కిలోలు, ఒకటిన్నర గుర్రాల బలం.

కథ ఇక్కడితో ఆగితే ఐస్‌క్రీం తెచ్చిన మొగుడి గొప్పగానే మిగిలేది. కాని తరువాతి సంగతి వినండి. యంత్రం చేసింది అతనయితే, వ్యాపారం నిలబెట్టింది బెస్. ఉత్తరాలు ఆవిడే రాసింది, లెక్కలు ఆవిడే చూసింది, తెడ్లు అవతల పారేసి మోటారు కొనుక్కోండంటూ ప్రకటనలూ ఆవిడే రాసింది. ఆవిడ ఆరోగ్యం చెడితే కంపెనీయే అమ్మేసుకున్నారు. కొన్నేళ్ళకి అతను అల్యూమినియంతో తేలికరకం మోటారు చేశాడు. మళ్ళీ ఇద్దరూ కలిసి కొత్త కంపెనీ పెట్టారు. 1921 నాటి ఆ మోటారు బలం రెట్టింపై మూడు గుర్రాలకి పెరిగింది, బరువు మాత్రం ఇరవై రెండు కిలోలకి దిగింది. బలం పెరిగి బరువు తగ్గడమన్నది ఆ కాపురంలో జరిగింది. ఎవిన్‌రూడ్ పేరున్న మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది గాని, బెస్ పేరు ఆ పుస్తకంలో చదివాక నాకు మరుపు రాలేదు.

మరి మా అమ్మాయి మోటారు అంత బరువెందుకంటారా? దాని బలం పది గుర్రాలకి ఒక పిసరు తక్కువ. పైగా నూనె కలిపిన పెట్రోలు తాగి పొగ కక్కే పాతరకం మోటార్లని అమెరికాలో పొగ నిబంధనలు వచ్చాక క్రమంగా తగ్గించేశారు. కొత్తరకానికి పొగా, చప్పుడూ తక్కువ. ఒళ్ళు మాత్రం ఎక్కువ.

అల్లుడున్నన్నాళ్ళూ అతనూ, అతని స్నేహితుడూ పడవ వెనక్కి వంగి, చెరో పక్కా పట్టుకుని దాన్ని పైకి లాగేవారట. నడుము వంచి, చేతులు చాచి, దూరంగా ఉన్న బరువెత్తడం కన్నా వెన్నుపూసకి శత్రువు లేదు. అతను వెళ్ళిన ఏడాది రేవులో పక్క పడవ తాతగారు సాయం వచ్చారు. డెబ్భై ఏళ్ళ మనిషి. మోటారు బయటికొచ్చింది గాని ఆయన నడుము పట్టేసి వారం రోజులు మంచం దిగలేదు. అమ్మాయి రోజూ సూపు కాచి పట్టుకెళ్ళింది. "ఇహ ఎవర్నీ అడగనమ్మా" అంది. మరుసటి ఏడు అసలు దించలేదు. దాంతో మోటారుకి ఉప్పు పట్టి, బాగు చేయించడానికి మూడువందల డాలర్లు అయ్యాయట. ఈ ఏడు ఎలాగైనా దించాలి, ఎవరి నడుమూ విరక్కుండా దించాలి. అదీ పంతం.

ఆ ఉదయం తొమ్మిదింటికి రేవుకి వెళ్ళాం. అమ్మాయి పడవని అటూ ఇటూ నాలుగు తాళ్ళతో రేవు చెక్కలకి బిగించి కట్టింది. పెట్రోలు గొట్టం విప్పేసి, మోటారు లోపల మిగిలిన చుక్కలు అయిపోయి దానంతట అది ఆగేదాకా నడిపింది. బ్యాటరీ తీగలు విప్పింది. అన్నిటికన్నా ముందు ఒక గట్టి తాడు తీసి మోటారు మెడకి కట్టి, రెండో కొస రేవు గుంజకి ముడేసింది. "ఏం జరిగినా ఇది నీళ్ళలో మాత్రం పడదు" అంది. పెళ్ళివారు రాకముందే దిష్టి తీసినట్టన్నమాట.

ఇంతలో కాకినాడ నుంచి మా వారి ఫోను. అక్కడ సాయంత్రం ఆరున్నర. మోకాలి ఆపరేషన్ వల్ల ఆయన నాతో రాలేకపోయారు. ఫోనుని నీళ్ళ డబ్బాకి ఆనించి పెట్టాం. "ఎవరైనా మగవాళ్ళని పిలవండమ్మా, డబ్బులిచ్చేద్దాం" అన్నారు. "మీరు చూస్తూ ఉండండి నాన్నా" అంది అమ్మాయి.

తెరచాప పడవలో నిలువుగా స్తంభం ఉంటుంది కదా, దాని నుంచి వెనక్కి అడ్డంగా ఒక గొట్టం ఉంటుంది. తెరచాప అడుగంచు దాన్ని పట్టుకుని ఉంటుంది. బూమ్ అంటారు. ఆ గొట్టం చివర సరిగ్గా మోటారు నెత్తి మీదికి వచ్చింది. తెరచాపని పైకి లాగే తాడు ఒకటి స్తంభం కొసదాకా పోయి దిగుతుంది. అమ్మాయి తెరచాప విప్పి పక్కన పెట్టేసి, ఆ తాడుని ఈ గొట్టం చివరికి కట్టి బిగించింది. ఇప్పుడా బరువంతా స్తంభం మోస్తుంది. తరువాత మామూలుగా తెరచాపని అదుపు చేసే గిలకల జత తీసి, పై గిలక గొట్టానికీ, కింది గిలక మోటారుకి కట్టిన పట్టీకీ తగిలించింది. తాడు ఆ రెంటి మధ్యా నాలుగు పేటలుగా తిరిగింది.

గిలక అంటే మనకి బావి గిలకే గుర్తొస్తుంది. కాని బావి గిలక బరువు తగ్గించదు సుమా. పదికిలోల చేదకి పదికిలోల బలమూ పెట్టాల్సిందే. పైకి లాగే బదులు కిందికి లాగనిస్తుంది, మన ఒంటి బరువు సాయపడుతుంది, అంతే దాని ఉపకారం. బరువుతో పాటు కదిలే గిలక ఇంకోటి ఉంటేనే అసలు కిటుకు. అప్పుడు బరువు తాడు పేటల మధ్య పంపకమవుతుంది. నాలుగు పేటలుంటే నాలుగో వంతు. నలభై అయిదు కిలోలు పదకొండూ చిల్లరకి దిగుతుంది. గిలకల రాపిడికి ఇంకో రెండు మూడు కిలోలు వేసుకోండి. ఊరికే రాదు లెండి. మోటారు ఒక అడుగు లేవాలంటే తాడు నాలుగడుగులు లాగాలి. బరువు తగ్గినంత మేరకీ దూరం పెరుగుతుంది. భగవంతుడి కొట్లో అరువు లేదు.

మోటారుని పడవకి పట్టించే మరలు రెండూ ఉప్పుకి బిగుసుకుపోయాయి. ముందురోజే నూనె పోసి ఉంచింది గాబట్టి కిర్రుమంటూ తిరిగాయి. తాడు కొస ఇనప డోలులాంటి చక్రానికి రెండు చుట్లు చుట్టి నా చేతికిచ్చింది. "లాగమన్నప్పుడు లాగు. ఆపమన్నప్పుడు ఆపు. నే చెప్పేదాకా వదలకు. చుట్లే సగం బరువు పట్టుకుంటాయి, నీకేం భయం లేదు."

లాగాను. నిజం చెప్పొద్దూ, మా అమ్మ బావిలో నిండు చేద దీనికన్నా బరువుగా ఉండేదనిపించింది. మోటారు కదిలింది, అంగుళం లేచింది, పట్టు విడిచింది. కింద పిల్ల దాన్ని తాకీ తాకనట్టు దారి చూపిస్తోంది. పడవ అంచు కమ్మీ దాటేంత ఎత్తుకి వచ్చింది.

సరిగ్గా అప్పుడే రేవు ముందునుంచి ఓ పెద్ద మరపడవ జోరుగా పోయింది. దాని అలలు వచ్చి మమ్మల్ని తాకాయి. పడవ ఊగింది. గాలిలో ఉన్న మోటారు ఉయ్యాల తొట్టిలా అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. దాని అడుగున ఇనప రెక్కలు నా బిడ్డ మొహానికి జానెడు దూరంలో పోతున్నాయి. ఫోనులో మా వారు "అమ్మడూ!" అని కేక పెట్టారు. నాకు గొంతు పెగల్లేదు. తాడు వదిలేసి పిల్లని వెనక్కి లాగాలని చేతులు కొట్టుకున్నాయి.

"అమ్మా, లాగకు, వదలకు. ఊరికే పట్టుకో" అంది అది. గొంతులో ఏ మాత్రం తొందర లేదు. రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. ఊగే బరువుకి అడ్డం పడకుండా, దాన్ని కౌగిలించుకోబోకుండా, అలలు తగ్గేదాకా చూస్తూ నిలబడింది. ఓ నిమిషం పట్టిందేమో. ఆ నిమిషంలో నాకో సంగతి తట్టింది. ఈ రెండేళ్ళూ ఇది చేసింది ఇదేనేమో. ఊగినంతసేపు ఊగనిచ్చి, పక్కకి తప్పుకుని, నిలకడ వచ్చేదాకా ఓపిక పట్టడం. మేమందరం కాకినాడలో కూర్చుని అది కుంగిపోతోందనుకున్నాం.

ఊపు ఆగింది. అమ్మాయి గొంతు దగ్గర కట్టుకున్న పక్కతాడుతో గొట్టాన్ని మెల్లగా రేవు వైపు తిప్పింది. మోటారు నీళ్ళ మీదినుంచి చెక్కల మీదికి వచ్చింది. "ఇప్పుడు కొంచెం కొంచెం వదులు." వదిలాను. లాగడం కన్నా వదలడం కష్టం. చుట్ల మీంచి తాడు జానెడు జానెడు జారుతుంటే, పాత బొంత పరిచిన తోపుడుబండి మీద మోటారు పసిపిల్లలా దిగింది. మొత్తం అరగంట పని. ఎవరి నడుమూ పట్టలేదు. పక్క పడవ తాతగారు తన పడవలోంచి చప్పట్లు కొట్టారు. కాకినాడలో మా వారు కళ్ళజోడు తుడుచుకుంటూ "చేతికి తాడు రాసుకుందా నీకు?" అని నన్నడిగారు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో గ్యాసుబండ జరిపినప్పుడు ఒక్కసారీ అడగని ప్రశ్న.

అన్నట్టు ఒక విచిత్రం చూశాను. మోటారు దిగగానే పడవ వెనకభాగం రెండు వేళ్ళ మేర పైకి లేచింది. వేసవంతా నీళ్ళ కింద ఉండిపోయిన పాచిగీత ఒకటి పచ్చగా బయటపడింది. అంతవరకూ ఆ పడవ కాస్త వెనక్కి కుంగి ఉందని ఎవరికీ తెలియదు. అలవాటైన బరువు అలాంటిది, దించాక గాని ఉండేదని తెలీదు.

తిరిగి వస్తూ రేవు చివర పాతకాలపు పడవ ఒకటి చూపించింది అమ్మాయి. స్కిప్‌జాక్ అంటారట. 1985 నుంచి అది మేరీల్యాండు రాష్ట్ర నౌక. ఆ పడవల మీద ఆల్చిప్పలు గోకి తెచ్చేవారు. ఆల్చిప్పలు అంతరించిపోకుండా గాలితో నడిచే పడవలకే ఆ పని అని అక్కడ చట్టం ఉండేది. 1960లలో వారానికి రెండు రోజులు మోటారు వాడుకోనిచ్చారు, అదీ పడవలో కాదు. వెనక ఓ పిల్లపడవలో మోటారు పెట్టి, దానితో పెద్దపడవని తోయాలి. గాలిమీద నడిచే రోజున ఆ పిల్లపడవని తాళ్ళతో పైకెత్తి వేలాడగడతారు. "చూశావా, మోటారెత్తడం ఇక్కడ పాత విద్యేనమ్మా" అని నవ్వింది.

ఆ రాత్రి పప్పూ, ఆవకాయా కలుపుకుని తిన్నాం. మోటారు గ్యారేజీలో నిటారుగా నిలబడి లోపలి నీళ్ళన్నీ కార్చేసుకుంటోంది. నేను పెట్టె తెరిచి ఆ కవరు తెచ్చి దాని ముందు పెట్టాను. పంపినవాళ్ళ మాట చేరవెయ్యాలి కదా. దాచడం నాకు చేతకాదు. కోప్పడుతుందేమోననుకున్నాను. కోప్పడలేదు. చెయ్యి కడుక్కొచ్చి, ఫొటో దీపం దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మనిషి బాగానే ఉన్నాడమ్మా. అత్తయ్యకి ఒక్కటే చెప్పు. ఇంకొకళ్ళు బరువెత్తుతుంటే లాక్కోకుండా, వదిలెయ్యకుండా, తాడు పట్టుకుని ఉండగలడేమో కనుక్కోమను" అంది.

పెళ్ళిచూపుల్లో అడిగే ప్రశ్నల్లో ఇది నేనెప్పుడూ వినలేదు. జీతమెంత, ఇల్లుందా, అక్కచెల్లెళ్ళెంతమంది అని అడుగుతాం. మా ఆడపడుచుకి ఆ మాట అలాగే చెప్పాను. ఫోనులో కాసేపు చప్పుడు లేదు. "ఏమిటో వదినా, మీ అన్నయ్యగారినే అడిగి చూడనా ముందు?" అంది.